కరక్కాయ నలుపు

తల నెరిసినందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడేలా చేసింది కొండ కింద ఆఫీసులో భూమి పట్టాలు సరిచూసే ఒక గుంట, నా మనవరాలి ఈడు పిల్ల. గుర్తింపు కార్డులో ఫొటో చూసింది, నా తల చూసింది, మళ్లీ ఫొటో చూసింది.

"ఇది నీ కొడుకు కార్డేటి తాతా?"

"నాదే."

"ఇందులో జుట్టు నల్లగుంది. మిషను ఒప్పుకోదు. కార్డు మార్పించుకొని రా."

కార్డు మార్పించాలంటే నెల పడుతుంది. సరిచూసే గడువు సోమవారంతో ఆఖరు. ఆ తర్వాత పేరు కంప్యూటర్లో ఉండదన్నారు. వేలిముద్రతో పని జరిగేదే కాదు, కాఫీ పళ్లు పిసికి పిసికి నా వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇక మిగిలింది ఫోను మిషనుకి మొహం చూపించి పోల్పించుకోవడం ఒక్కటే. నల్లజుట్టువాడి భూమి తెల్లజుట్టు రాగానే ఎవరిదవుతుందో ఆ గుంటను అడగాలనుకున్నాను. అడిగితే పని చెడుతుందని నోరు మూసుకున్నాను.

ఉన్నది రెండెకరాల కాఫీ తోట. అదే వాలులో మా అయ్య పోడు కొట్టి సామలు వేసేవాడు. కాగితం లేదని ఒక ఫారెస్టు గార్డు కోతకొచ్చిన చేలోకి పశువులను తోలించిన రోజు అయ్య చేతులు కట్టుకొని గట్టు మీద నిలబడ్డాడు. ఆ నిలబడటం చూశాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. బడి లేదు. సంతలో ఉప్పు పొట్లాలు కట్టిన కాగితాలే పుస్తకాలు. కరక్కాయ నీళ్లలో తుప్పుమేకులు నానేస్తే సిరా అయ్యేది. దానితో అరుగు మీద వెదురుపుల్ల పట్టి దిద్దేవాణ్ని.

కార్డు మారదు కాబట్టి తలే మారాలి అనుకున్నాను. దుకాణంలో రంగు పొట్లాలు ఉన్నాయి. పక్క ఊళ్లో ఒకాయనకు అది పూసుకుంటే మొహం గుమ్మడికాయంత ఉబ్బింది. మొహం ఉబ్బితే మిషను ముందు నా గతేమిటి? అందుకని ఇంట్లో ఉన్నవాటితోనే చేద్దామని, ఎండు కరక్కాయలు, ఉసిరికాయలు దంచి, మా తోట కాఫీపొడి మరిగించిన నీళ్లు పోసి, శనివారం ఇనప మూకుడులో నానేశాను.

"సంతకి అమ్మే కాయలు నెత్తికి రుద్దుకుంతావేటి? పెళ్లికొడుకువా?" అంది నా భార్య.

"పట్టా పోతే సంతకి మోసుకెళ్లడానికి ఏటుంటాది?"

ఆ మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది. "నుదుటికి నూనె రాసుకో ముందు," అంది.

వినలేదు. తెల్లారాక తలంతా పట్టించి, అడ్డాకుల దొప్ప బోర్లించుకొని ఎండలో కూర్చున్నాను. చెమట పట్టింది. కడిగి అద్దం చూసుకుంటే జుట్టు నిజంగానే నల్లబడింది. దానితోపాటు కనుబొమల దాకా నుదురూ, రెండు చెవులూ.

సబ్బు, బూడిద, పీచు దేనికీ వదల్లేదు. అది వదలదని మా ఊళ్లో నాకన్నా తెలిసినవాడు లేడు. అరుగు మీద నా అక్షరాలు రెండు వానాకాలాలు నిలిచాయి. ఆ సిరాను చేతులారా మొహానికి పూసుకున్నాను. గడువు రేపే.

సోమవారం తువ్వాలు కనుబొమల దాకా చుట్టుకొని, సంతకి సరుకు మోసుకొచ్చిన నా భార్యతో కొండ దిగి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"తువ్వాలు తియ్యి తాతా."

తీశాను. ఆ గుంట నా నుదురూ చెవులూ ఎగాదిగా చూసింది. ఫోను నా మొహం ముందు పట్టి కళ్లు ఆర్పమంది. ఆర్పాను. ఫోను తెర మీద నా మొహం చుట్టూ ఉన్న గుండ్రటి గీత ఎర్రబడింది. మళ్లీ ఆర్పాను. మళ్లీ ఎరుపే.

"ఇంకోసారి కాకపోతే ఈ రోజుకి లాకైపోద్ది," అంది.

ఈ రోజు తర్వాత రోజు లేదు. నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి, అయ్యలాగ. వెనక నుంచి నా భార్య వచ్చి రెక్క పట్టి లాక్కెళ్లింది. సంతకు తెచ్చిన సంచిలోంచి చింతపండు తీసి, కుళాయి దగ్గర తడిపి నుదుటి మీద తోమడం మొదలుపెట్టింది.

"కళ్లు మూసుకో. మూసుకోమన్నానా."

"మామ్మా, ముసిలోడిని పులుసు పెడతన్నావేటి?" అని వరసలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నలుపు మెల్లగా గోధుమరంగుకు దిగింది. రసం కారినచోట నుదుటి పైని జుట్టూ వెలిసింది. కళ్లు మండుతూనే మళ్లీ ఫోను ముందు నిలబడ్డాను. గీత పచ్చబడింది.

"జుట్టు సగం వెలిసిపోయింది కదా. మరెలా ఒప్పుకుంది?" అన్నాను.

"మిషను జుట్టు చూడదు తాతా. కళ్లూ ముక్కూ చూస్తాది. నుదురు అలా మసయ్యేసరికి పోల్చలేకపోయుంటాది."

"మరి మొన్న ఒప్పుకోదని ఎందుకు సెప్పావు?"

"మొన్న నేనూ కొత్తే," అంది తల ఎత్తకుండా. మిషను ఒప్పుకోదన్న ఆ ఒక్క మాటకు నా నాలుగు రోజుల నిద్ర పోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆ గుంట ఫోను నావైపు తిప్పింది. "ఇదిగో, ఇక మీదట రికార్డులో ఉండేది ఈ ఫొటోయే."

నడినెత్తి నలుపు, ముందు తుప్పురంగు, కనుబొమల మీద చింతపండు పీచు. అదీ నేను.

సంతలో నా భార్య కరక్కాయల మూట విప్పింది. నేను ఒక గుప్పెడు తీసి జేబులో వేసుకున్నాను.

"మిషను జుట్టు చూడదంది కదా ఆ గుంట," అంది నా భార్య.

"మిషను చూడదు. ఈ గుంట బదిలీ అయిపోయి, ఇంకో కొత్త గుంట వచ్చి ఈ ఫొటో చూస్తే?"

ఆమె మూటలో చెయ్యి పెట్టింది. ఇంకో గుప్పెడు తీసి నా చేతిలో పెట్టింది.