వైవాలో ఎస్తేరు ప్రార్థన

జీడిమెట్ల మందుల కంపెనీలో పనిచేస్తూ నలభై దాటాక ఎంబీఏలో చేరిన ఎస్తేరుకు, చర్చిలో మైకు పట్టుకుని ప్రార్థన చేయాలంటే భయం లేదు. శామీర్‌పేట యూనివర్సిటీలో కార్పొరేట్ ఫైనాన్స్ వైవాలో నోటితో జవాబు చెప్పాలంటే మాత్రం హడల్. ఈసారీ తప్పితే డిగ్రీ రాదు.

“కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ అంటే ఏందమ్మా?” అని పరీక్ష చేసే సారు అడగగానే ఎస్తేరు అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని, “ప్రేమగల తండ్రీ...” అని గట్టిగా అందుకుంది. ఆపితే ప్రశ్న కాచుకుని ఉంది కదా, అందుకని సారు ఇంటిల్లిపాదినీ, మేడ్చల్ బస్సు డ్రైవర్లనూ దీవించమని వేడుకుంది.

“ఆమెన్,” అన్నాడు సారు. “ఇగ జవాబు చెప్పమ్మా.”

ఎస్తేరు ఒక కన్ను తెరిచింది. “కంపెనీకి పైసలిచ్చినోళ్లు ఎంత రాబడి ఆశపడ్తరో, గదే సార్.”

సారు టిక్కు పెట్టిన చప్పుడు విన్నాకే రెండో కన్ను తెరిచింది.