సమయానికొచ్చిన మేనత్త

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. ఒకటికి పది కలుపుతాను, కోపమొస్తే ఇరవై. ఈ మధ్య నాకు బాగా కోపమొచ్చింది. మా అన్న కూతురు, కడుపునొప్పని ఏడ్చే తన కొడుకును కడపలో డాక్టరమ్మకు చూపించబోతే నేనూ వెంట వెళ్లాను. ఆమె పిల్లవాడి పొట్ట నొక్కి చూసి, తల్లివైపు తిరిగి, "నువ్వు నిద్రపోతాండావామ్మా?" అని అడిగింది. మా పిల్ల బిత్తరపోయి, "నొప్పి నాకు కాదు మేడం, వీనికి" అంది. "అందుకే నిన్ను అడుగుతాండా" అందామె. పంతొమ్మిది వందల యాభైలలో మా కమలాపురం ఇంట్లో ఆ ఒక్క మాట అడిగే దిక్కు లేకపోయింది కదా అని నాకు అక్కడే ఒళ్లు మండింది.

అప్పట్లో మా అమ్మకు మగబిడ్డ పుట్టి, పేరు పెట్టకముందే పోయాడు. పేరు పెట్టని బిడ్డకు ఏడవకూడదని మా జేజి, అంటే నాయనను కన్నామె, శాసనం చేసింది. ఏడిస్తే మళ్లీ కడుపు పండదట! అంతకుముందు మా ఎద్దు చస్తే ఊరు ఊరంతా పరామర్శకొచ్చింది. జీపు చెడిపోయింది గానీ, లేకుంటే కలెక్టరూ వచ్చేవాడు. బిడ్డకు మాత్రం ఒక్కరూ రాలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. లేచి పొయ్యి ముందు కూర్చుంటే చూస్తూ చూస్తూనే అన్నం మాడ్చేది. ఆ బొగ్గుతో ఏడాదంతా మా వీధి వీధి పళ్లు తోముకుంది.

నాలుగేళ్ల మా చెల్లెలు అమ్మ వీపు వెనక కూర్చుని, "మా, ఇట్ల తిరుగు మా" అనేది. అమ్మ తిరిగేది కాదు. పిల్లకు కడుపునొప్పి మొదలైంది. ముద్ద దిగదు, నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంది. "బిడ్డకు భయం పట్టిండాది" అని జేజి తేల్చేసింది. ఇక దర్గాలో ఒక తాయెత్తు, గుళ్లో ఒక తాయెత్తు. చెల్లెలు నడిస్తే ఆ గలగలకు బండి వస్తోందనుకుని కోళ్లు పక్కకు తప్పుకునేవి. వైద్యమంతా ఆ పిల్లకే! గోడవైపు తిరిగిన మనిషిని, మా నాయనతో సహా ఎవరూ, "ఎట్లుండావు?" అని అడిగిన పాపాన పోలేదు. చివరికి పసుపుకొమ్ము కాల్చి బొడ్డు చుట్టూ వాతలు పెట్టాలని పెద్దలంతా తీర్మానించారు.

జేజి కొమ్మును నిప్పుల్లో పెట్టింది. నాయన చెల్లెలి చేతులు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆలూరు నుంచి మా మేనత్త దిగింది. చావింట్లో శోకం పెట్టడంలో ఆమెకు ఆమే సాటి. ఆలూరులో ఆమె గొంతెత్తితే, ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని ఆదోనిలో అంగళ్లు మూసేవాళ్లు. జేజికి కన్నకూతురే, కానీ జేజి ఔనన్నదాన్ని కాదనకపోతే ఆమెకు పూట గడిచేది కాదు. వాకిట్లోనే కొంగు తలకు కప్పుకుని, "మీ అత్త మొగం జూడకుండానే పోతివా నా నాయనా! ఏం తొందరొచ్చెరా నీకు!" అని ఎత్తుకుంది.

"నోర్ముయ్యే! పేరు పెట్టని బిడ్డకు ఏడ్సేదేందే?" జేజి కొమ్ము వదిలేసి పరుగెత్తింది.

"నీ ఎద్దును ఉయ్యాల తొట్లో ఏసి పేరు పెట్టినాకనే ఏడిస్తివా? మోసిందానికి కడుపు లేదా మా?"

అత్త లోపలికి పోయి అమ్మను పట్టుకుంది.  అమ్మ "వదినా" అని ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపును పెంచి చెప్పడం నా వల్ల కూడా కాదు. చెల్లెలు నాయన చేతులు విదిలించుకుని ఉరికి ఇద్దరి మధ్య దూరింది. అమ్మ ఇటు తిరిగింది. ఆ పూట చెల్లెలు సంగటి తినింది.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. కలెక్టరునూ కోళ్లనూ మీరు ఎలాగూ నమ్మి ఉండరు. అత్త శోకం నిజం, అమ్మ ఇటు తిరగడమూ నిజం. అత్త సమయానికి వచ్చిందన్నదే కల్పన. ఆమె వచ్చేసరికి పసుపుకొమ్ము చల్లారి చాలా రోజులైంది, ఆ ఇద్దరి మధ్య దూరిన పిల్ల పొట్ట మీద పుండ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నేను మా అత్తను ముందు బస్సే ఎక్కిస్తాను, కాలం మాత్రం ప్రతిసారీ ఆమెను ఆలస్యంగానే దింపుతుంది.