ఎడమ డొక్క మీద పిడికిలి

తొర్రూరు నుంచి వరంగల్ వచ్చే బస్సులో టిఫిన్ డబ్బా తెరిచి, ఒక్క ముద్దయినా తినలేక మూసేశాను. పక్కసీటులోని నడివయసు ఆవిడ "తింటలేరేందన్నా?" అని అడిగింది.

మా బర్రె నిన్నటి నుంచి నెమరు వేయడం లేదని చెప్పాను. ఆవిడ పశువుల కడుపులోని నరాల మీద పరిశోధన చేస్తుందట. "ఏం తిన్నది?" అంది.

"గడ్డే మేడం."

పొద్దున డాక్టరుకూ అదే చెప్పాను. నిజానికి మా ఇంటి విందులో మిగిలిన అన్నం పారేయడమెందుకని నేనే దాని ముందు కుమ్మరించాను. విందుకొచ్చి ఇంకా ఇంట్లోనే ఉన్న చుట్టాల ముందు బుద్ధిలేనివాడిలా కనిపిస్తానని దాచాను.

"వట్టి గడ్డికి కడుపు ఇంత జల్ది ఆగదన్నా. నాకు చెప్పకుంటే మానె, డాక్టరుకు చెప్పుండ్రి. లేకుంటే తప్పు మందు పడ్తది."

డాక్టరుకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. తిట్టాడు, వెంటనే మళ్లీ వెళ్తానన్నాడు. తర్వాత ఆవిడ చెప్పినట్టే, బర్రె ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి, లోపలి నుంచి కడుపు నెడుతోందేమో చూడమని నా భార్యకు ఫోన్లో చెప్పాను. కాసేపటికి ఆమె గొంతు లేచింది.

"లోపలికెల్లి నూకుతాందయ్యా! మెల్లగనే గని, నూకుతాంది!"

"అయితే నరాలు ఇంకా పనిచేస్తున్నయి. మందు పడితే దక్కుతది, ఫికర్ చెయ్యకుండ్రి" అంది ఆవిడ.

అంతలో నా కడుపు గుర్రుమంది. ఆవిడకూ వినబడింది. "మీది గూడ మొదలైంది, తినుండ్రి" అని నవ్వింది. మట్టెవాడ దగ్గర ఆవిడ దిగేసరికి డబ్బా ఖాళీ.

బర్రె బతికింది. ఇప్పటికీ డాక్టరు మా ఇంటికొస్తే, దానికేం పెట్టారని నన్ను కాదు, నా భార్యను అడుగుతాడు.