బడి మేడమీది గది

రొమేనియా కొండల్లోని ఆ ఊరి బడికి జాంఫీరా హెడ్మిస్ట్రెస్. టీచర్లను రప్పించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. ఎవరొచ్చినా మంచు కరగగానే పెట్టె సర్దుకునేవారు. వాళ్ళకిచ్చే మేడమీది గదిలో దొమ్నికా తిరుగుతోందని ఊరి మాట.

దొమ్నికా లెక్కల టీచరు. ఒక క్రిస్మస్ సెలవుల్లో జ్వరం తగిలి ఆ గదిలోనే ఒంటరిగా పోయింది. ఊరంతా పండగలో ఉంది. ఎవరూ తలుపు తట్టలేదు. బడి తెరిచిన రోజు తలుపు తోసింది జాంఫీరాయే. బకెట్లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. అప్పట్నుంచీ పట్టపగలు కూడా పైన ఎవరో దగ్గుతున్నట్టు వినిపించేది ఆమెకు. ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడు సెవెరీనా అనే అమ్మాయి లెక్కలు చెప్పడానికొచ్చింది. లెక్కలంటే హడలిపోయే పిల్లలు కూడా ఆమె క్లాసులో బోర్డు దగ్గరికి పోటీపడి పరిగెత్తేవారు. మంచు పడ్డ మొదటి ఆదివారం పొద్దున ఆమె కోటు తొడుక్కుని జాంఫీరా ఇంటికొచ్చింది.

"వెళ్ళిపోతాను మేడమ్."

"దొమ్నికా కనిపించిందా?"

"కనిపించినా బావుండేది, మాట్లాడ్డానికో మనిషి ఉండేది. బడి వదిలాక ఈ ఊళ్ళో నన్ను పలకరించినవాళ్ళుంటే ఒట్టు."

ఆ గదికి జాంఫీరా కిటికీలు బాగుచేయించింది, కట్టెలు పంపింది. మెట్లెక్కడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

సెవెరీనాను చెయ్యి పట్టుకుని చర్చికి లాక్కుపోయింది. ప్రార్థన ముగిసి జనం బయటికొస్తుంటే జాంఫీరా గొంతెత్తింది.

"దొమ్నికాని జ్వరం ఒక్కటే చంపలేదర్రా, మనమూ చంపాం. ఈ పిల్లనీ ఆ గదికే వదిలేద్దామా? ఇవాళ ఈమెకి ఎవరింట్లో భోజనం?"

గొర్రెలకాపరి భార్య పరాస్కీవా ముందుకొచ్చింది.

"మా ఇంటికి రామ్మా. మొక్కజొన్న సంకటి, గొర్రెపాల జున్ను ఉన్నాయి. మా ఆయనది ఒకటే వాగుడు, అదొక్కటి భరించాలి."

"నీది తక్కువా?" అన్నాడు మొగుడు.

సెవెరీనా ఫక్కున నవ్వేసింది, వెంటనే ఏడ్చేసింది.

ఆమె ఊళ్ళోనే ఉండిపోయింది. ఆదివారాలు ఒక్కో ఇంటివాళ్ళు పిలవసాగారు. తర్వాత వచ్చిన ఇద్దరు టీచర్లూ నిలిచారు. పదవి విరమించాక జాంఫీరా తన ఇల్లు టీచర్లకిచ్చి, ఆ మేడమీది గదిలోకి మారింది.

"భయం వెయ్యదా పిన్నీ?" అంది పరాస్కీవా.

"వేస్తుంది. దగ్గు వినిపించినప్పుడల్లా ఎలా ఉందమ్మా అని అడుగుతున్నాను. ఇంకా జవాబు రాలేదు."