నిలబడే పని

పోయిన వానాకాలం మెదక్ శివారులో బస్సు కోసం ఎదురుచూస్తున్నాను. రోడ్డు పక్క మడిలో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. ఒకామె మాత్రం గట్టు మీద ఊరికే నిలబడి ఉంది. నా బూటు లేసు ఊడితే కట్టుకుందామని వంగాను.

"వంగకుండ్రి సారూ!" అని ఆమె అరిచింది. "గా గుట్టల చిరుత తిరుగుతుంది. వంగినోళ్లను మేకలనుకుంటది. నిలబడ్డ మనిషి జోలికి రాదు."

"మరి వీళ్లంతా?"

"గందుకే కద నేను నిలబడ్డ. ఇయ్యాల నా వంతు."

అంతసేపూ ఆమెను పనిదొంగ అనుకున్నాను. సిగ్గేసింది. ఊడిన లేసుతోనే నిలబడిపోయాను. ఆమె నాలుగడుగులు నా దగ్గరికి వచ్చింది.

"కట్టుకోండ్రి. నేను సూస్తుంట."

వంగాను. గబగబా ముడి వేశాను. తలెత్తితే ఆమె నావైపు చూడటం లేదు. కళ్లార్పకుండా నా వెనక గుట్టనే చూస్తోంది.