బానెట్ కింద నేను కట్టిన నిమ్మకాయ

నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించింది కాదు. ఇప్పుడు అది నా పక్కనే నిద్రపోతోంది. నాకే నిద్ర పట్టడం లేదు.

మా పాత కారుకు మా ఆయన లిథియం బ్యాటరీ వేయించాడు. తేలికగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఫికర్ ఉండదన్నాడు. ఆ రోజు నుంచే ఏవేవో... వైపర్లు వాటంతట అవే ఒకసారి ఊగి ఆగేవి. లోపలి లైటు మిణుకుమనేది. దిష్టి అనుకున్నాను. కారు ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు గతుకులకు ఊడిపోతున్నాయని ఈసారి బానెట్ లోపల, బ్యాటరీ పక్కనే కట్టాను. దారంతో కాదు... సన్నని ఇనుప తీగతో. నవ్వుతాడని ఆయనకు చెప్పలేదు.

ఆ రాత్రి చిట్యాలలో మా చెల్లి ఇంటి నుంచి పానగల్‌కు తిరిగి వస్తున్నాం. పదకొండు దాటింది. ఏడాదిన్నర పాప వెనుక, తన చిన్న సీట్లో, బెల్టు పెట్టుకుని పడుకుంది. ఊరు ఇంకో మూడు కిలోమీటర్లుందనగా హెడ్‌లైట్లు సన్నబడ్డాయి. పెరిగాయి... మళ్లీ సన్నబడ్డాయి. కాలిన వాసన.

ఆయన కారు ఆపి, బానెట్ మీట లాగి దిగాడు. జర ఫోన్ లైటు కొట్టమన్నాడు. నేనూ దిగి తలుపు వేశాను.

టక్.

నాలుగు తలుపులూ లాక్ అయ్యాయి. తాళంచెవి లోపలే. పాప లోపలే.

బానెట్ ఎత్తితే... నిమ్మకాయ సగం నల్లబడి సుయ్... సుయ్... అంటోంది. తీగ ఎర్రగా కాలుతోంది. కింద నుంచి పొగ.

"గిది ఎవరు కట్టిండ్రు?"

"నేనే."

ఆయన చేతికి రుమాలు చుట్టుకుని బ్యాటరీ వైరు పట్టి గుంజాడు. సరిగ్గా బిగించనే లేదేమో, ఊడొచ్చింది. లైట్లన్నీ ఆరిపోయాయి. అప్పుడు పాప లేచింది. చీకట్లో ఒక్కతే... గుక్కపట్టి ఏడుపు.

"రాయి తే. నేను గిది వదిల్తే మళ్ల తగుల్తది."

రోడ్డు పక్కనున్న గుట్ట వైపు పరుగెత్తి రాయి తెచ్చాను. ముందు తలుపు అద్దం మీదికి ఎత్తాను...

ఏడుపు ఆగింది.

మెల్లగా తగ్గడం కాదు. ఎవరో ఎత్తుకుని భుజాన వేసుకుంటే ఆగుతుందే, అట్లా.

తర్వాత... టక్.

నాలుగు లాకులూ తెరుచుకున్నాయి. నేను ఆయన వైపు చూశాను. వైరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

తలుపు తీశాను. పాప బెల్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. కళ్లు తెరిచి, నిమ్మళంగా, ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూస్తోంది.

మర్నాడు మెకానిక్ ఖలీల్ భాయ్ అంతా విన్నాడు. "తీగ తగిలి లాక్ పడుడు నిజమే అక్కా. కరెంటు లేకుంట తెరుచుకునుడు మాత్రం నాకు సమజైతలేదు" అన్నాడు. వైర్లలో ఎక్కడో కొంచెం మిగిలి ఉంటుందని మా ఆయన అంటాడు. కావచ్చు. రోజూ నేనూ అదే అనుకుని పడుకోవాలని చూస్తాను.

కానీ ఆయనకు నేను ఇంకా చెప్పనిది ఒకటుంది. లాకులు తెరుచుకున్నందుకు పాప ఏడుపు మానలేదు. ముందు ఏడుపు ఆగింది... ఆ తర్వాతే అవి తెరుచుకున్నాయి.