బాడీకి ప్లస్ ఉన్న కారు

మా ప్రొఫెసర్ గారి పాత కారులో రేడియో సెట్ బిగించి, తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోని ల్యాబ్‌తో మాట్లాడింది నేనేనని మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తొంభైల నాటి సంగతి. మాట్లాడింది నేనే. బిగించింది నేను కాదు.

మా రేడియో క్లబ్‌కు ఉన్నది ఆ ఒక్క సెట్టే. కారు స్విచ్ దగ్గర కరెంటు వచ్చే తీగకు సెట్ ఎర్ర తీగ కలిపాను. నల్ల తీగను కారు బాడీకి కలపాలని పుస్తకంలో ఉంది. దాని చివర ఒలిచి డాష్‌బోర్డు కింది బోల్టుకు చుట్టబోయాను.

"ఆగు తమ్మీ. మీటర్ పెట్టి చూసినవా?" అన్నాడు ల్యాబ్ అటెండర్. రోజూ అంబర్‌పేట్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద.

"బాడీ ఎప్పుడూ మైనస్సే కదన్నా."

"నీ బుక్కుల కారుకు మైనస్సే. గీ ముసల్దాన్ని కూడా ఒక మాట అడుగు."

అతనే మీటర్ పెట్టాడు. ముల్లు వెనక్కి కొట్టుకుంది. ఆ పాత కారులో బాడీకి కలిపింది బ్యాటరీ ప్లస్‌ను. నేను తీగ చుట్టి ఉంటే కరెంటు తిరగబడి సెట్ కాలిపోయేది.

అన్న నా తీగలన్నీ పీకేశాడు. రెండింటినీ నేరుగా బ్యాటరీ దాకా లాగి, దేనికదే ఫ్యూజు పెట్టాడు. మైనస్‌తో కలిసి ఉండే సెట్ డబ్బా గానీ ఏరియల్ గానీ ప్లస్ ఉన్న కారు రేకుకు తగలకూడదని చెక్క పలకల మీద బిగించాడు. పలకల కింద పరచడానికి తన సైకిల్ పాత ట్యూబు నా చేతికిచ్చి కొయ్యమన్నాడు.

తార్నాకలో మీట నొక్కి మాట్లాడితే, ల్యాబ్‌లో నా గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వినబడిందట. తిరిగొచ్చాక సార్ బానెట్ ఎత్తి చూశారు.

"బాడీ ప్లస్సని నీకు చెప్పడమే మరిచాను. ఎవరు కనిపెట్టారోయ్?"

"నేనే సార్. మీటర్ పెట్టి చూశాను."

అన్న పక్కనే చేతులు తుడుచుకుంటున్నాడు.

మరుసటి నెలలో టెక్నీషియన్ పోస్టుకు అతన్ని ఇంటర్వ్యూకు పిలిచారు. బయటికొచ్చాక, తలుపు దగ్గరే ఆగి ఉన్న నాతో అన్నాడు: "కారు వైరింగ్ నేనే చేసిన అని చెప్పిన. సార్ నవ్విండు. గది ఆ పిలగాడు చేసిండు గదా అన్నడు."

"నువ్వేమన్నావన్నా?"

"ఏమంట? నువ్వొచ్చి చెప్తవేమోనని డోర్ దిక్కు చూసిన."

అప్పుడైనా లోపలికి వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు. పోస్టు ఇంకొకరికి పోయింది. అతను అటెండర్‌గానే రిటైర్ అయ్యాడని తర్వాత తెలిసింది.

నేను చదివినన్నాళ్లూ ఆ సెట్ ఆ కారులో పనిచేసింది. ఒక్క ఫ్యూజు పోలేదు. ఎన్నో కంపెనీలలో ఎన్నో వైరింగులు చూశాను గానీ, ఆ బానెట్ కింద పక్కపక్కనే వెళ్లిన ఆ రెండు తీగలంత పొందికైన పని చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది. ఆ పని అన్న చేతిది. అందులో నేను చేసింది ట్యూబు కొయ్యడం. అది మాత్రం తిన్నగా కోశాను.